పంపు హ్యాండిల్ దగ్గర ఆగిపోకు

అమ్మాయ్,

నీ కథ నిన్న రాత్రి చదివాను. రాయడం వచ్చు నీకు, ఇంక దాని గురించి చెప్పను. ఆ ముగింపు చూశాక మాత్రం కోపంతో నిద్ర పట్టలేదు. లండన్‌లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో రాత్రంతా కూర్చుని చావులు ఎక్కడెక్కడ జరిగాయో మ్యాప్ గీశాడు, పొద్దున్నే జనం నీళ్లు పట్టుకునే బ్రాడ్ స్ట్రీట్ పంపు హ్యాండిల్ పీకించాడు, లండన్ బతికిపోయింది అని రాసేశావు. అలా జరగలేదమ్మా. 1854 సెప్టెంబర్ 8న హ్యాండిల్ తీసేసరికే కలరా తగ్గుముఖం పట్టింది, ఆ పంపున్న సోహో పేటలో జనం అప్పటికే ఇళ్లొదిలి పారిపోయారు, ఈ మాట స్నోనే రాసుకున్నాడు. ఆ మ్యాప్ బయటికొచ్చింది డిసెంబర్‌లో.

డాక్టర్లలో చాలామంది కలరా చెడుగాలి వల్లే అంటున్న రోజుల్లో, ఇంకా ఏడుపులు ఆగని ఇళ్లకి వెళ్లి మీవాళ్లు ఏ నీళ్లు తాగారని అడిగాడే ఆయన, అది నీకు ఒక్క పేరా కూడా కాలేదా? పంపు నీళ్ల వల్లే అన్న తన లెక్కకి లొంగని వాళ్లని అస్సలు వదల్లేదు. పక్కనే పోలాండ్ స్ట్రీట్‌లో దిక్కులేని పేదల్ని పెట్టే వర్క్‌హౌస్, 535 మందిలో పోయింది 5 గురే, వాళ్లకి సొంత బావి ఉంది. పంపు దగ్గర్లోనే బీరు తయారుచేసే బ్రూవరీలో 70 మందికి పైగా పనివాళ్లు, ఒక్కడు కూడా పోలేదు, తాగేది బీరు. ఇటు చూస్తే కలరానే లేని హాంప్‌స్టెడ్‌లో ఒకావిడ పోయింది! కొడుకుని అడిగితే, అమ్మకి ఆ బ్రాడ్ స్ట్రీట్ నీళ్లంటే ఇష్టం, రోజూ బండిలో సీసాతో పంపేవాళ్లం అన్నాడు. చూడ్డానికొచ్చి అవే నీళ్లు తాగిన బంధువులమ్మాయి కూడా ఇస్లింగ్టన్‌లో తనింటికి వెళ్లాక చనిపోయింది. కథ ఎప్పుడూ ఇలా తేడా కొట్టిన మనిషి దగ్గరే ఉంటుంది, ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నానో.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. పత్రికలంటేనే ఒళ్లు మండుతుంది నాకు. చెరువు నీళ్లు తాగి వాంతులు విరేచనాలతో మంచం పట్టిన ఊరి మీద నేను రాస్తే, ఒక వారపత్రిక ఎడిటర్ ముసలాళ్ల మాటలన్నీ కొట్టేసి హీరో ఏడయ్యా, చివర్లో చప్పట్లు పడాలి అన్నాడు. మార్చనన్నాను. అది అచ్చవలేదు, ఆ పత్రిక నన్ను మళ్లీ గడప ఎక్కనివ్వలేదు, చాన్నాళ్లు ట్యూషన్లు చెప్పుకునే బతికాను. ఇప్పుడీ ఇన్‌స్పిరేషన్ వీడియోలవాళ్లకీ కావాల్సింది ఆ చప్పట్లే.

హెన్రీ వైట్‌హెడ్ పేరే లేదేంటి నీ కథలో? ఆ పేట పాదిరీ, స్నో చెప్పింది తప్పని నిరూపిద్దామని బయల్దేరి అవే గుమ్మాలు మళ్లీమళ్లీ ఎక్కి, చివరికి స్నోకి దొరకని ఆధారం తనే పట్టుకున్నాడు. 40వ నంబర్ ఇంట్లో సారా లూయిస్ అనే తల్లి, విరేచనాలవుతున్న పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి మరుగుదొడ్డి గుంటలో పోసింది, దాని ఇటుకలు పాడైపోయి ఉన్నాయి, పంపు బావికి 3 అడుగుల దూరం కూడా లేదు. బిడ్డ పోయింది. తర్వాత వాళ్లాయనకీ కలరా వచ్చింది, ఎప్పుడనుకున్నావ్, సరిగ్గా హ్యాండిల్ తీసిన రోజే. ఆయన విరేచనాలూ ఆ గుంటలోంచి అదే బావిలోకి దిగేవి, హ్యాండిల్ తీయకపోతే ఆ నీళ్లు పేటంతా రెండోసారి తాగేది. హ్యాండిల్ తీసిన మేలు అక్కడుంది, నువ్వు చెప్పిన చోట కాదు.

మ్యాప్ సీన్ తీసెయ్. బిడ్డనీ మొగుణ్ణీ పోగొట్టుకున్న సారాని ఆ గుడ్డల గురించి వైట్‌హెడ్ ఎలా అడిగి ఉంటాడో రాయి. రాశాక ముందు నాకు పంపు.