ఎన్నికల హామీ నెరవేర్చని కేంద్ర ప్రభుత్వాన్ని కోర్టుకు లాగవచ్చా?

మన దేశంలో ఎన్నికల హామీ నెరవేర్చలేదన్న ఒక్క కారణంతో కేంద్ర ప్రభుత్వం మీద కోర్టులో గెలవడం దాదాపు అసాధ్యం. మేనిఫెస్టో అనేది పార్టీ ఇచ్చే మాట, చట్టం కాదు. డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, ఏ బిల్లు ముందు తేవాలి అన్నది ప్రభుత్వం, పార్లమెంటు తేల్చుకోవాల్సిన విషయమని కోర్టులు సాధారణంగా తలదూర్చవు.

మహిళా రిజర్వేషన్లనే చూడండి. 1996లో మొదటిసారి బిల్లు పెట్టారు. 2010లో రాజ్యసభ ఆమోదించినా లోక్‌సభలో ఓటింగుకే రాలేదు, 2014లో సభ రద్దవడంతో మురిగిపోయింది. పెద్ద పార్టీలు మాత్రం మాట ఇస్తూనే వచ్చాయి. చివరికి 2023లో రాజ్యాంగ సవరణ జరిగింది, కానీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే అమలని అందులోనే రాశారు. జనానికి కడుపు మండడంలో న్యాయం ఉంది.

మాట తప్పిన పార్టీ గుర్తింపును ఎన్నికల సంఘం రద్దు చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. హామీలకు డబ్బు ఎలా తెస్తారో స్థూలంగా చెప్పమని ఎన్నికల కోడ్ అడుగుతుంది, అంతే. హామీ చట్టంగా మారితే మాత్రం కథ వేరు. 2013 ఆహార భద్రతా చట్టం కింద అర్హులకు రావాల్సిన బియ్యం ఆపితే, అది హక్కు కాబట్టి ఫిర్యాదు చేయవచ్చు, కోర్టుకూ వెళ్లవచ్చు.