కొరియా సంతలో తోటకూర, తడిపిండి

సందేహం: ఉద్యోగం మీద కుటుంబంతో దక్షిణ కొరియాలోని సువాన్ వచ్చాం. ఇక్కడ మార్ట్‌లో ఆకుకూరల ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. మనవాళ్లు కూరగాయలు ఎక్కడ కొంటారు?

జవాబు: ముందు క్యాలెండర్ చూడండి. ఇక్కడి పాతకాలపు సంతలు వారానికోసారి కాదు, ఐదు రోజులకోసారి జరుగుతాయి. మీ సువాన్‌కి దగ్గరి ఊరు సొంగ్‌నామ్‌లోని మొరాన్ సంత 4, 9 అంకెలతో ముగిసే తేదీల్లోనే. 4, 9, 14, 19 అలా. ఆ తేదీ శని, ఆదివారాల్లో పడితే పండగే, కాకపోతే సెలవు పెట్టాలి. సువాన్‌లోని మాంగ్‌పో స్టేషన్ నుంచి సుయిన్-బుందాంగ్ మెట్రో లైన్ ఎక్కితే రైలు మారకుండా మొరాన్‌లో దిగొచ్చు.

వేసవిలో ముసలమ్మలు నేల మీద గుడ్డ పరిచి ఆకుకూరలు పోస్తారు. అందులో బిరుమ్ అనేదే మన తోటకూర. సోయెబిరుమ్ అంటే గంగవాయిలి కూర. పప్పులో వేసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి! బీర, దొండ మాత్రం ఆశించకండి. పచ్చిమిర్చి అయితే చొంగ్‌యాంగ్ రకమే అడగండి, మిగతావి మన నోటికి చప్పగా ఉంటాయి.

చాలావాటికి తూకం ఉండదు, చిన్న ప్లాస్టిక్ బుట్టకి ఇంత అని ధర. గీసి గీసి బేరమాడితే మొహం ముడుచుకుంటారు కానీ, రెండు బుట్టలు కొని నవ్వుతూ కొసరు అడిగితే గుప్పెడు వేస్తారు. ఈ ఒక్క విషయంలో మా అమ్మ ఇక్కడ మహారాణిలా నెగ్గుకొచ్చింది, కొరియన్ ఒక్క ముక్క రాకుండానే. చేతిలో నగదు ఉంచుకోండి. కొందరు అట్టముక్క మీద బ్యాంకు ఖాతా నంబరు రాసి పెడతారు, దానికి పంపినా సరే.

మొరాన్‌లో నూనె కొట్ల వీధి వదలొద్దు. నువ్వులు మీ కళ్లముందే వేయించి, నూనె పిండి, సీసాలో పోసిస్తారు. ఏ దేశపు నువ్వులో బోర్డు మీద ఉంటుంది. కుక్‌సాన్ అంటే ఇక్కడివి, బాగా ఖరీదు. ఇందోసాన్ అని కనిపిస్తే మన దేశం నుంచి వచ్చినవే. అయితే ఇది ముదురు రంగు వేపుడు నూనె. ఆవకాయలో పోశారో, ఆవపిండి ఘాటు ఎటు పోయిందో తెలియదు. దానికి వేయించని నూనె వేరే తెచ్చుకోవాలి. పక్కనే ఉండే తుల్గిరుమ్ నువ్వుల నూనె కాదు, పెరిల్లా గింజలది. సీసాలు ఒకేలా ఉంటాయి, అడిగి తీసుకోండి.

ఇక నా దృష్టిలో అసలు లాభం పిండిమర. ఇక్కడివాళ్లు తమ బియ్యపు పిండివంటలకు నానబెట్టిన బియ్యాన్నే మరాడిస్తారు. అంటే అరిసెలకు కావలసిన తడిపిండి! రాత్రి నానబోసి, పొద్దున నీళ్లు వాడ్చి తీసుకెళితే చాలు. రెండు మాటలు గుర్తుంచుకోండి. జిగురు బియ్యం (చాప్సల్) తీసుకెళ్లకండి, మామూలు బియ్యం (మేప్సల్) తీసుకెళ్లండి. మరాడించేటప్పుడు వాళ్లు అలవాటుగా ఉప్పు కలుపుతారు, అందుకని ముందే "సోగుమ్ నోచి మాసెయో" అనండి, ఉప్పు వేయొద్దని. కిలో, రెండు కిలోలైతే కొందరు పట్టరు. నలుగురు తెలుగువాళ్లు కలిసి పట్టుకెళితే కాదనరు. చుసొక్ (పంటల పండగ), సొల్లాల్ (చాంద్రమాన కొత్త సంవత్సరం) పండగల ముందు మాత్రం అక్కడ కాలు పెట్టలేం. సొల్లాల్ ఎప్పుడూ సంక్రాంతి తర్వాతే వస్తుంది కాబట్టి, సంక్రాంతి అరిసెలకు తొందరగా వెళితే ఇబ్బంది ఉండదు.

శాకాహారులైతే ఒక హెచ్చరిక: చేపలు, కోళ్లు, మాంసం అమ్మే వరసలు దాటాల్సి రావొచ్చు, పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి. చక్రాల సంచీ ఒకటి ఉంటే మోత తగ్గుతుంది. డేజన్ నగరంలో చదువుకునే మీ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ సంగతి చెప్పండి, అక్కడి యుసొంగ్ సంత కూడా ఇవే తేదీల్లో.