పాత గిర్ని ఇల్లు: 74 లక్షల్లో ఇటుక ఎంత, ఆశ ఎంత?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం నుంచి ఈమధ్యే విరమణ పొందాను. పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపి కోటి 5 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. పింఛను నెలకు 24 వేలు, ఇంటి ఖర్చు 38 వేలు. క్వార్టర్ ఖాళీ చేయాలి, సొంత ఇల్లు లేదు. పరకాల దగ్గర ఒక పల్లెలో, 2016లో మూతపడిన రైస్ మిల్లులో కొంత భాగాన్ని ఇల్లుగా మార్చి అమ్ముతున్నారు. 12 గుంటల స్థలం, 1,100 చదరపు అడుగుల ఇల్లు, వెనుక 4,000 చదరపు అడుగుల రేకుల షెడ్డు. ధర 74 లక్షలు. షెడ్డులో గదులు కట్టి రామప్పకు వచ్చేవారికి అద్దెకిస్తే మంచి రాబడి ఉంటుందని మిల్లు యజమాని కొడుకు అంటున్నారు. ఆ ఊళ్లో స్థలం గజం 2,500 పలుకుతోంది. నా భార్యకు 57 ఏళ్లు. ఫొటోలు పంపుతున్నాను. కొనవచ్చా?

జవాబు: ఫొటోలన్నీ చూశాను. ఇల్లు ముచ్చటగానే ఉంది. వడ్లు ఆరబోసిన పాత కల్లాన్ని అలాగే ఉంచి ముందు వాకిలి చేయడం నాకూ నచ్చింది. అయితే మూడో ఫొటో దగ్గర ఆగిపోయాను. షెడ్డు మూలన నాలుగు చెక్కలు పరిచి, పైన ఒక బండరాయి పెట్టి ఉంది. అది ఎలివేటర్ గొయ్యి. వడ్లు అందులో కుమ్మరిస్తే బకెట్ల బెల్టు పైకి లాగేది. మిల్లు ఆగి ఇన్నేళ్లయినా దాన్ని ఎవరూ పూడ్చలేదు. ఆ గొయ్యి పూడ్చడానికి కూడా ఖర్చు పెట్టని మనిషి, దాని మీద లేవబోయే గదుల రాబడిని మీ దగ్గర ఇప్పుడే వసూలు చేస్తున్నాడు.

లెక్క చూద్దాం. 12 గుంటలంటే 1,452 గజాలు. గజం 2,500 చొప్పున 36 లక్షల 30 వేలు. అది చిన్న ప్లాట్ల ధర, ఇంత పెద్ద ముక్కకు సాధారణంగా అంత రాదు. అయినా అలాగే ఉంచుదాం. ఇల్లు ఉన్న స్థితికి నేనిచ్చే విలువ 12 లక్షలు. మొత్తం 48 లక్షల 30 వేలు. మిగిలిన 25 లక్షల 70 వేలు షెడ్డు భవిష్యత్తుకు కట్టిన వెల. ఆ భవిష్యత్తు రావాలంటే మళ్లీ మీరే డబ్బు పోయాలి.

ఆ డబ్బు మీ దగ్గర ఉంటుందా? 74 లక్షలకు రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 5 లక్షల 55 వేలు. కొన్న మర్నాడు మీ ఖాతాలో మిగిలేది 25 లక్షల 45 వేలు. అందులోంచి గదులు కడితే చేతిలో ఏమీ ఉండదు, కట్టకపోతే గదుల కోసం ఇచ్చిన 25 లక్షలు వృథా.

మీ విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పింఛను. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకంలో కరువు భత్యం లేదు. ఈరోజు 24 వేలు వస్తే పదేళ్ల తర్వాత కూడా 24 వేలే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే మీ 38 వేల ఖర్చు 12 ఏళ్లలో రెట్టింపవుతుంది. అందుకే ఇంటి కన్నా ముందు మూడు మూటలు పక్కన పెట్టండి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ పథకంలో గరిష్ఠ పరిమితి 30 లక్షలు. 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, నెలకు 20,500 పడినట్లు. నెలనెలా తగ్గుతున్న 14 వేలు అందులోంచి తీరతాయి. మీ శ్రీమతికి 60 నిండేదాకా ఆవిడ పేరిట ఈ ఖాతా తెరవడం కుదరదు. రెండోది, పదేళ్లపాటు తాకకుండా ఉంచే 15 లక్షలు, పెరిగే ధరల కోసం. మూడోది ఆసుపత్రి ఖర్చులకు 10 లక్షలు. పోగా మిగిలేది 50 లక్షలు. రిజిస్ట్రేషన్ పోను ఆ 50 లక్షల్లో మీరు ఇవ్వగల ధర 46 లక్షల 50 వేలు. నేను విలువ కట్టిన 48 లక్షలకు అది దగ్గరగా ఉండడం మీ అదృష్టం. బేరం అక్కడ మొదలుపెట్టి అక్కడే ఆపండి.

ధర కుదిరినా కాగితాల దగ్గర తొందరపడవద్దు. ఇది మామూలు ఇల్లు కాదు, ఒకప్పటి వ్యాపారం. మిల్లులు చాలావరకు భాగస్వామ్య సంస్థల పేరిట ఉండేవి. స్థలం సంస్థ పేరిట ఉంటే తండ్రి పోయాక కొడుకు ఒక్కడి సంతకం చాలదు, భాగస్వాములు, వారి వారసులు అందరూ రావాలి. మిల్లు కోసం తీసుకున్న అప్పుకు దస్తావేజులు బ్యాంకులో పెట్టి ఉంటే అది ఈసీలో, అంటే ఆస్తి మీది లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రంలో, కనిపించకపోవచ్చు. కాబట్టి బ్యాంకుల తాకట్లు నమోదయ్యే సెర్సాయ్ రిజిస్ట్రీలోనూ వెతికించండి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. ప్రభుత్వం ఇచ్చిన వడ్లను మరాడించి, క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లర్లు తిరిగి ఇవ్వాలి. బాకీ పడినవారి ఆస్తుల మీదికి ప్రభుత్వం రెవెన్యూ రికవరీ చట్టంతో వెళ్లగలదు. ఈ మిల్లు ఆ లెక్క తేల్చుకునే మూతపడిందా? జిల్లా పౌరసరఫరాల కార్యాలయం నుంచి బకాయి లేదన్న కాగితం అమ్మేవారినే తెమ్మనండి. కరెంటు బిల్లు సంగతీ అంతే. పాత యజమాని బకాయి కడితేనే కొత్త కనెక్షన్ ఇస్తామని విద్యుత్ సంస్థ షరతు పెట్టవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మిల్లు మోటార్ల కనెక్షన్ ఏ స్థితిలో ఉందో, ఇంటికి వేరే గృహ మీటరు ఉందో లేదో అడగండి. గ్రామపంచాయతీ రికార్డులో ఇది ఇంకా పరిశ్రమగానే ఉందా, నివాసంగా మారిందా అన్నది కూడా ముఖ్యం. కాగితం మీద మిల్లుగా ఉన్న కట్టడానికి రేపు మీ పిల్లలు గృహరుణం అడిగితే బ్యాంకు వెనకాడుతుంది.

కొంత సొమ్ము నగదుగా ఇచ్చి కాగితం మీద ధర తగ్గిద్దామంటే ఒప్పుకోకండి. మీది బ్యాంకులో ఉన్న కష్టార్జితం, దాన్ని నల్లగా మార్చే అవసరం మీకేమిటి?

రామప్ప మాటకొస్తే, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అక్కడికి జనం పెరిగిన మాట నిజమే. కానీ హనుమకొండ నుంచి వెళ్లేవారు గూడెప్పాడ్ దాటాక ములుగు వైపు పోతారు, పరకాల దారి పట్టరు. మేడారం జాతరకు గది దొరకదన్నదీ నిజమే, కానీ అది రెండేళ్లకోసారి. ఆ నాలుగు రోజుల కోసం ఎవరూ గదులు కట్టరు.

షెడ్డును షెడ్డుగానే వాడుకోవడం నయం. చుట్టూ పత్తి, మక్కజొన్న పండే ఊళ్లు. విత్తనాలు, ఎరువులు అమ్మే డీలరు ఎవరైనా గోదాముగా అడిగితే, గొయ్యి పూడ్చి, తలుపు బాగుచేసి, అద్దె ఒప్పందం రాసుకుని ఇవ్వండి. అద్దెకు మనిషి దొరికాకే ఖర్చు, ముందు కాదు. ఆ పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. రంధ్రాలు వేయడం, పగలగొట్టడం మీరు స్వయంగా చేయకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఇంకోసారి వెళ్లినప్పుడు వడ్లు నానబెట్టిన తొట్లు ఎటువైపు ఉండేవో అడిగి, ఆ గోడ కింది మూడడుగులు చేత్తో తడిమి చూడండి. కొత్త సున్నం కింద చెమ్మ ఉంటే చేతికి తెలుస్తుంది. క్వార్టర్ గడువు ముంచుకొస్తుంటే పరకాలలో ఏడాదికి ఒక అద్దె ఇల్లు చూసుకోండి. అమ్మేవారు ఒప్పుకుంటే ఈ గిర్ని ఇంటినే ఏడాది అద్దెకు తీసుకోండి, ఒక వానాకాలం గడిస్తే ఏ రేకు కింద బకెట్ పెట్టాలో మీకే తెలిసిపోతుంది.