వివాదాల ప్రసంగీకుణ్ణి వినడానికి వెళ్ళొచ్చా?

ప్రశ్న: వచ్చే ఆదివారం మా సంఘానికి అతిథి ప్రసంగీకుడు వస్తున్నారు. కానుక వేస్తే అప్పులు తీరిపోతాయని ఆయన బోధిస్తారంటూ వాట్సాప్‌లో క్లిప్పులు తిరుగుతున్నాయి. స్వయంగా వెళ్ళి వినడం తప్పా?

జవాబు: తప్పు కాదు, వెళ్ళండి. బెరయ అనే ఊరివారు అపొస్తలుడైన పౌలు మాటల్నే లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17:11లో ఉంది. అచ్చు బైబిలు, నోటుబుక్కు పట్టుకెళ్ళండి. పేజీని నిలువుగా మడిచి ఎడమవైపు ఆయన మాట అన్నదన్నట్టు, కుడివైపు మీకు అర్థమైంది రాయండి. ఈ రెండూ కలిసిపోయే సగం తగాదాలు వస్తాయి. అనువాదకుడు ఉంటే ఏ మాట ఎవరిదో కూడా రాసుకోవాలి.

చెప్పిన ప్రతి వచనానికీ ముందు అయిదు, తర్వాత అయిదు వచనాలు చదవండి. తేడా అక్కడే బయటపడుతుంది. యిర్మియా 29:11నే చూడండి. ‘సమాధానకరమైన ఉద్దేశాలు’ అనగానే ఈ నెలలోనే ఉద్యోగం వచ్చేస్తుందని ఆశపడతాం. అది బబులోనుకు చెరగా వెళ్ళిన యూదులకు రాసిన మాట, దాని పై వచనంలోనే బబులోనులో 70 ఏళ్ళు గడవాలని ఉంది! ‘అన్ని విషయాల్లో వర్ధిల్లాలి’ అనే 3 యోహాను 2 కూడా గాయు అనే విశ్వాసికి రాసిన ఉత్తరంలోని శుభాకాంక్షే, డబ్బుకు హామీ కాదు.

కానుకల సంచి వచ్చినప్పుడు వేయకపోయినా పర్వాలేదు. మధ్యలో లేచి అడ్డు తగలొద్దు, అది ఆరాధన. మర్నాడు మీ సంఘ కాపరిగారికి (పాస్టరుకు) మీ పేజీ చూపించి అడగండి. బీపీ, షుగరు మాత్రలు మానేయమని ఆ ప్రసంగీకుడు చెబితే మాత్రం మర్నాటిదాకా ఆగకండి. ఆ పూటే సంఘ పెద్దలకు చెప్పండి, మాత్రలు వేసుకునేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మానొద్దని చెప్పండి.