గోల నీళ్లదా, మోటారుదా?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ హోటల్లో స్విమ్మింగ్ పూల్ మోటారు గోల పెడుతోందనీ, కొత్తది కొనిపిస్తాననీ రాశావు. అప్పుడే వద్దు. ముందు ఆ గోల నీళ్లదో, మోటారుదో తేల్చు.

డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంటే నీళ్లదే. పంపుకు సరిపడా నీళ్లందక లోపల బుడగలు పుట్టి ఇంపెల్లర్ (నీళ్లను తోసే రెక్కల చక్రం) మీద పేలుతున్నాయి. నీటిమట్టం స్కిమ్మర్ (పూల్ గోడలో పైనీళ్లు లాగే కన్నం) మూతికి సగం వరకు ఉందా, పంపులోకి నీళ్లొచ్చే సక్షన్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందా చూడు. పంపు ముందు చెత్త పట్టే బుట్ట కడిగేశాను కదా అని ఊరుకోకు. తీరంలో సరుగుడు చెట్లెక్కువ. ఆ సూదుల్లాంటి ఆకులు బుట్ట కన్నాల్లోంచి జారి ఇంపెల్లర్‌లో చిక్కుకుంటాయి. ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్చి) దించి, వాల్వులు కట్టేసి, బుట్ట తీసి, కొస వంచిన తీగతో లాగెయ్. బుట్ట గది మూత కింద బుడగలు ఆగకుండా కనిపిస్తే గాలి పీలుస్తున్నట్టే. పంపు నడుస్తుండగా మూత అంచు మీద నీళ్లు పొయ్యి. బుడగలు కాసేపు ఆగాయంటే మూత కింది రబ్బరు ఓ-రింగ్ పోయింది. కొత్తదానికి సిలికాన్ గ్రీజు తప్ప ఇంకేదీ రాయకు.

కీచుమని సన్నగా మొదలై రోజురోజుకూ పెరుగుతుంటే మోటారు షాఫ్టును (తిరిగే ఇరుసును) మోసే బేరింగులు. మోటారును పంపు నుంచి విడదీసి షాఫ్టు చేత్తో తిప్పు. గరగరమన్నా, పైకీ కిందికీ ఆడినా అనుమానమక్కర్లేదు. ఇంపెల్లర్ మధ్యలో స్క్రూ ఉంటే అది సాధారణంగా రివర్స్ థ్రెడ్, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.

పంపు వైపున్న బేరింగు ఊరికే పోదు. షాఫ్టు చుట్టూ నీళ్లు కారకుండా ఆపే మెకానికల్ సీలు కారి, క్లోరిన్ నీళ్లు షాఫ్టు వెంబడి పాకి దాన్ని తినేస్తాయి. అందుకే రెండు బేరింగులూ, సీలూ ఒకేసారి మార్చాలి. పాత బేరింగు చేత్తో పట్టుకునే బరంపురం వెళ్లు. నంబరు దాని మీదే ఉంటుంది. 6203 అయితే లోపలి కన్నం 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. 6204 అయితే 20, 47, 14. రెండు పక్కలా రబ్బరు సీలున్నదే అడుగు, ఆ ఉప్పుగాలికి రేకు మూత చాలదు.

పాతది పుల్లర్‌తో లాగు. కొత్తది ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు మాత్రమే ఆనే పైపు ముక్క పెట్టి కొట్టు. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి గాడికి సొట్టలు పెడుతుంది, కొత్త బేరింగు మొదటిరోజే అరుస్తుంది. మోటారు వెనక మూతలో అలలా వంగిన పలచని వాషరుంటే పారేయకు. అది లేకపోతే షాఫ్టు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. సీలు పింగాణీ ముఖాన్ని వేళ్లతో ముట్టకు, గ్రీజు పెట్టకు. రబ్బరుకు సబ్బునీళ్లు చాలు.

మోటారు తిరక్కుండా మూలుగుతూ ఉంటే, దాన్ని తిరగడం మొదలుపెట్టించే కెపాసిటర్ చూడు. ఎంసీబీ దించినా దాన్లో కరెంటు నిలిచి ఉంటుంది. పాత ఫిలమెంటు బల్బు తీగలు రెండు కొసలకూ తాకించి ఖాళీ చేశాకే చెయ్యి పెట్టు.

బిగించాక బుట్ట గదిలో నీళ్లు నింపకుండా ఒక్క నిమిషమైనా నడపకు, కొత్త సీలు కాలిపోతుంది. పావుగంట నడిచాక పంపుకూ మోటారుకూ మధ్య టార్చి వేసి చూడు. ఒక్క బొట్టు కనిపించినా ఆ రోజే మళ్లీ విప్పు.

మీ మామయ్య