చెయ్యి ఆనించి ఐదు లెక్కపెట్టండి

ఏప్రిల్ దాటితే చాలు, కోఠిలో నా పని బల్ల మీదికి వచ్చే సెట్లలో సగం ఒకటే జబ్బుతో వస్తాయి. ఈ నెల ఉత్తరాలూ అలాగే ఉన్నాయి: ఆంప్లిఫయర్ కాలిపోతోంది, ఏం చెయ్యమంటారు అని. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకు ఉంచి, ఈసారి వేడి గురించే రాస్తున్నాను.

ప్రశ్న: నేను రిటైర్డు టీచర్ని. మల్కాజిగిరిలో మూడో అంతస్తులో ఉంటాం, మా పైన డాబానే. రెండేళ్ల కింద 100+100 వాట్ల స్టీరియో ఆంప్లిఫయర్ కొన్నాను. సాయంత్రం పాత పాటలు, కచేరీలు వింటాను, అదీ చిన్న సౌండ్‌తోనే. గంట గడిచేసరికి పైన చెయ్యి పెట్టలేం. తర్వాత సౌండ్ ఆగిపోతుంది. ఇరవై నిమిషాలకు దానంతటదే వస్తుంది. చూడటానికి వచ్చిన సర్వీసు అబ్బాయి ‘ఇంత చిన్న సౌండ్‌కు ఆంప్లిఫయర్ కాలదు, మీ స్పీకర్లే పోయాయి’ అన్నాడు. హాల్లో రెండు, పడగ్గదిలో రెండు స్పీకర్లున్నాయి, నాలుగూ కలిపే మోగిస్తాం. వెనక 6 ఓమ్స్ అని రాసి ఉంది. సెట్టు టీవీ షోకేసులో అద్దం తలుపు వెనక ఉంటుంది, దాని మీద సెట్‌టాప్ బాక్సు. స్పీకర్లు మార్చాలా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మాస్టారూ, స్పీకర్ల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. అవి బాగానే ఉన్నాయి. సౌండ్ ఆగడం, చల్లారాక మళ్లీ రావడం – సెట్టు తనను తాను కాపాడుకుంటోందన్నమాట. లోపల వేడిని కనిపెట్టే భాగం ఒకటి ఉంటుంది. హద్దు దాటగానే అది స్పీకర్ల రిలేను, అంటే వాటిని కలిపే లోపలి స్విచ్చును, విడదీస్తుంది. ఎవరైనా వచ్చి ‘ఆ భాగం తీసేసి డైరెక్ట్ చేస్తాను, ఇక ఆగదు’ అంటే దయచేసి ఒప్పుకోకండి. నిజంగానే ఆగదు, ట్రాన్సిస్టర్లు పోయేదాకా నడుస్తుంది. అవి పోయేటప్పుడు లోపలి డీసీ కరెంటు నేరుగా స్పీకరులోకి పారి కాయిల్‌నూ కాల్చవచ్చు.

చిన్న సౌండ్‌కు కాలదన్న ఆ అబ్బాయి మాట తప్పు. కానీ చాలామంది అలాగే అనుకుంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీది మామూలు ఏబీ క్లాసు సెట్టు, అంటే సౌండ్ అలలో పై సగాన్ని ఒక ట్రాన్సిస్టరు, కింది సగాన్ని మరొకటి మోసే రకం. ఒక చానల్‌కు ప్లస్ 45, మైనస్ 45 వోల్టుల సప్లై, 8 ఓమ్స్ స్పీకరు ఉన్నాయనుకుని కాగితం మీద లెక్క వేశాను (ఓమ్స్ అంటే స్పీకరు కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత). స్పీకరుకు 1 వాటు వెళ్తున్నప్పుడు ట్రాన్సిస్టర్లలో సుమారు 13 వాట్లు వేడిగా మారుతుంది. 10 వాట్లు వెళ్తే వేడి 35. 33 వాట్లకు 49. అదే పూర్తిగా 100 వాట్లు పంపితే వేడి 43కు దిగుతుంది! ఫుల్ సౌండ్‌లో కంటే మధ్య సౌండ్‌లోనే ఎక్కువ కాలుతుంది. సప్లై ఇచ్చిన వోల్టేజీలో స్పీకరుకు వెళ్లగా మిగిలిందంతా ట్రాన్సిస్టరే మోయాలి, మధ్య సౌండ్‌లో ఆ మోత ఎక్కువ. ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఆంప్లిఫయర్ల వాట్లకు నియమం పెట్టినప్పుడు, కొలతకు ముందు సెట్టును రాసుకున్న పవర్‌లో మూడో వంతు మీద గంటసేపు నడపాలంది. దాదాపు ఎక్కువ కాలే చోటే అది. ఆ గంట తట్టుకోవాలంటే వేడిని లాగే అల్యూమినియం దండిగా వేయక తప్పదు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. 6 ఓమ్స్ స్పీకర్లు రెండు జతలు కలిపి మోగిస్తే ఒక్కో చానల్‌కు కనిపించేది 3 ఓమ్స్. వాల్యూమ్ ముట్టుకోకపోయినా, ఇందాకటి 8 ఓమ్స్ లెక్కతో పోలిస్తే కరెంటు రెండున్నర రెట్లు దాటుతుంది, వేడీ అంతే. ఇందాకటి 13 వాట్లు 35 అవుతాయి. రెండు చానళ్లకు 70. పాతకాలం 60 వాట్ల ఫిలమెంటు బల్బు వెలిగించి షోకేసులో పెట్టి అద్దం మూసినట్టు ఊహించండి. మీరు హాల్లో మాట్లాడుకుంటూ వినే సౌండ్‌కే అంత వేడి. సెట్టు వెనక స్పీకరు టెర్మినళ్ల దగ్గర సన్నక్షరాలు చూడండి. ఎ గానీ బి గానీ ఒక జత అయితే 4 ఓమ్స్ నుంచి, రెండూ కలిపితే ఒక్కొక్కటి 8 ఓమ్స్ నుంచి అని చాలా సెట్ల మీద ఉంటుంది. మీ స్పీకర్లు ఒక జతగా అయితే సరిపోతాయి, రెండు జతలుగా పనికిరావు. కాబట్టి హాల్లో విన్నప్పుడు హాలు, గదిలో విన్నప్పుడు గది – ఒక బటనే నొక్కండి. ఈ మార్పుకు పైసా ఖర్చు లేదు.

తర్వాత షోకేసు. హీట్ సింక్, అంటే ట్రాన్సిస్టర్లు బిగించిన అల్యూమినియం రెక్కలు, చేసే పనల్లా వేడిని గాలికి అప్పగించడమే. ఆ గాలి కదలకపోతే అది ఎవరికి అప్పగించాలి? వాటుకు 0.6 డిగ్రీలు పెరిగే హీట్ సింక్ ఉందనుకుంటే, 70 వాట్లకు చుట్టూ ఉన్న గాలి కంటే 42 డిగ్రీలు ఎక్కుతుంది. గదిలో 34 ఉంటే 76 అవుతుంది, ఎలాగో బండి నడుస్తుంది. మూసిన అద్దం వెనక గాలి 50కి చేరితే 92. రక్షణ పనిచేసి సౌండ్ ఆగేది ఆ దరిదాపుల్లోనే. మీది డాబా కింద ఇల్లు, మే నెలలో రాత్రి పదింటికి కూడా స్లాబు వేడి కక్కుతూనే ఉంటుంది. సెట్టును షోకేసులోంచి తీసి పైన పెట్టండి. మీద జానెడు ఖాళీ, పక్కల నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. సెట్‌టాప్ బాక్సును ఎక్కడైనా పెట్టండి, దాని మీద మాత్రం వద్దు. గుడ్డ కప్పితే సెట్టు ఆపి, పూర్తిగా చల్లారాక కప్పండి.

అరగంట పాడాక హీట్ సింక్ పైభాగం మీద చెయ్యి ఆనించి ఐదు దాకా మెల్లగా లెక్కపెట్టండి. ఐదు దాకా ఉంచగలిగితే భయం లేదు. మూడుకే తీసేస్తే సుమారు 60 దాటిందన్నమాట, గాలి సంగతి చూడాలి. ఆనించగానే చురుక్కుమంటే సెట్టు ఆపేయండి.

ఇంత చెప్పాక, తప్పంతా మీ షోకేసుదే అనడం నాకిష్టం లేదు. చేసినవాళ్లు వేడిని లెక్కలోకి తీసుకోకపోవడమే అసలు తప్పు. రెండేళ్ల కింద ఇలాగే ఒక సెట్టు వచ్చింది. ముందు అరంగుళం మందం అల్యూమినియం పలక, చూస్తే కళ్లు చెదురుతాయి. మూత విప్పితే లోపల హీట్ సింక్ వేలు మందం కూడా లేదు. పైగా అది ఎడమ పక్కన నిలబడి ఉంది, మూతకు గాలి చీలికలు కుడి పక్కన కొట్టారు. అడుగు రేకుకు ఒక్క రంధ్రం లేదు. వేడి గాలి పైకి పోవాలంటే చల్లగాలి కింద నుంచి రావాలి కదా, పొయ్యికి తెలిసిన ఆ సంగతి ఆ సెట్టు డిజైన్ గీసినవాళ్లకు పట్టలేదు. పెద్ద కెపాసిటర్లు హీట్ సింక్ రెక్కలకు ఆనుకుని ఉన్నాయి, వాటి ప్లాస్టిక్ తొడుగు ముడుచుకుపోయింది. అవి 85 డిగ్రీల దాకా తట్టుకునే రకం. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు సగమవుతుందని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. 105 డిగ్రీల రకం వేసి, రెండంగుళాలు పక్కకు జరిపితే అయ్యే తేడా చాలా తక్కువ. పక్కనే ఓ రెగ్యులేటరుకు ముందు వేసిన రెసిస్టరు కింద బోర్డు నల్లగా మాడి, సోల్డరింగ్ చుట్టూ వెంట్రుకవాసి పగులు.

ఆ సెట్టు యజమాని ఒక బ్యాంకు ఉద్యోగి. బోనస్ డబ్బుతో ముచ్చటపడి కొనుక్కున్నారు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. ముందు పలక మీద పెట్టిన అల్యూమినియం లోపల పెట్టి ఉంటే ఆయన నా దగ్గరికి వచ్చేవారే కాదు. అడుగు రేకుకు రెండు వరుసల రంధ్రాలు, హీట్ సింక్‌కు సరిగ్గా పైన మూతకు మరో వరుస వేశాను. అంగుళం ఎత్తు రబ్బరు కాళ్లు పెట్టి, కెపాసిటర్లు మార్చాను. అప్పటి నుంచి పాడుతూనే ఉంది.

మీ సెట్టు బయటికి తీసినా, ఒక జతే వాడినా ఇంకా కాలితే అప్పుడు మూత విప్పించి బయాస్ కరెంటు, అంటే పాట లేనప్పుడూ ట్రాన్సిస్టర్లలో పారే చిన్న కరెంటు, కొలిపించండి. దాని గురించి చివరి ఉత్తరంలో రాశాను.

ప్రశ్న: అన్నా, కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటా. ఆన్‌లైన్‌లో ‘5000 వాట్స్ పీఎంపీఓ’ అని ఒక ఆంప్లిఫయర్ చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా? వేడెక్కుతుందని కొందరు రాశారు.
– ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, పీఎంపీఓ అంటే క్షణకాలం ఇస్తుందని చెప్పుకునే గరిష్ఠ పవర్. ఆ అంకెకు కొలత పద్ధతి అంటూ లేదు, ఎవరికి తోచింది వారు వేసుకుంటారు. వెనక అంటించిన చీటీ చూడు. 230 వోల్టులు, 50 హెర్ట్జ్, పక్కన ఎన్ని వాట్లు తీసుకుంటుందో ఉంటుంది. అక్కడ 60 వాట్లని ఉంటే, 60 తీసుకునేది నిలకడగా 5000 ఎక్కణ్నుంచి ఇస్తుంది? అందులో వేడికి పోగా రెండు చానళ్లకూ కలిపి 30, 40 మిగిలితే గొప్ప. ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇచ్చేవి, రాశారా, ఎన్ని ఓమ్స్‌కు రాశారు, రెండు చానళ్లూ ఒకేసారి నడిపితేనా అన్నది అడుగు. రాయకపోతే కొనకు.

కుదిరితే షాపుకెళ్లి చేత్తో ఎత్తి చూడు. ఏబీ క్లాసు సెట్టులో బరువంతా ట్రాన్స్‌ఫార్మరుది, హీట్ సింక్‌ది. ఆ రెండూ లేకుండా 100 వాట్లు రావు. ‘ఇది డీ క్లాసు, తేలికగానే ఉంటుంది’ అంటే అది నిజమే కావచ్చు. డీ క్లాసులో ట్రాన్సిస్టర్లు స్విచ్చుల్లా ఆన్, ఆఫ్ అవుతూ పనిచేస్తాయి, తీసుకున్న కరెంటులో 90 శాతం దాకా స్పీకరుకే వెళ్తుంది, వేడి తక్కువ. హాస్టల్ గదికి నీకు కావాల్సిందీ అదే. 24 వోల్టుల మంచి అడాప్టరుతో చిన్న డీ క్లాసు బోర్డు, నాణ్యమైన రెండు స్పీకర్లు తీసుకో. బోర్డు మీద 50+50 అని ఉండి అడాప్టరు 12 వోల్టులు 2 ఆంపియర్లదైతే మొత్తం దొరికేదే 24 వాట్లు, అది మర్చిపోకు. విడిగా కొనాలంటే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే కోఠి గుజరాతీ గల్లీకి ఆదివారం కాకుండా ఒక రోజు రా, నాలుగు బోర్డులు చూసి తీసుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ తను వాడిన హోమ్ థియేటర్ రిసీవర్ తెచ్చి ఇచ్చి వెళ్లాడు. మన కరెంటు వోల్టేజీని అమెరికా సెట్టుకు సరిపోయేలా తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే వాడుతున్నాం. ఏమీ పాడకపోయినా ఎడమ పక్క వెచ్చగా, సన్నగా గుయ్యిమంటూ ఉంటుంది. ప్రమాదమా?
– ఒక గృహిణి, అల్వాల్

జవాబు: అమ్మా, స్టెప్ డౌన్ వోల్టేజీని తగ్గిస్తుందే గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, మనకు 50. 60కి సరిగ్గా సరిపోయేలా చుట్టిన ట్రాన్స్‌ఫార్మరును అదే 120 వోల్టుల మీద 50 హెర్ట్జ్‌లో నడిపితే దాని ఇనుప కోరు మీద అయస్కాంత భారం 20 శాతం పెరుగుతుంది. ఆ గుయ్యిమనడం, ఆ వెచ్చదనం దానివే కావచ్చు. వెనక చీటీ మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉందా, 50/60 అని ఉందా చూడండి. రెండూ ఉంటే నిశ్చింతగా వాడుకోండి. 60 మాత్రమే ఉంటే మీ స్టెప్ డౌన్ ఎంత ఇస్తోందో ఎవరిచేతనైనా మీటరుతో చూపించండి. మన లైన్ 245 వోల్టులు ఉన్న రాత్రి 110 వోల్టుల స్టెప్ డౌన్ పెట్టె 117 ఇస్తుంది. 100 వోల్టులు ఇచ్చే ట్యాపింగ్ (విడి కనెక్షన్) ఉన్న పెట్టె దొరికితే ఆ భారం మళ్లీ దాదాపు మొదటికి వస్తుంది, చీటీ మీది వాట్ల కంటే రెట్టింపు శక్తి గలది తీసుకోండి. అప్పటిదాకా విననప్పుడు గోడ స్విచ్చే ఆపేయండి. రిమోట్‌తో ఆపితే చాలా సెట్లలో లోపల ఒక ట్రాన్స్‌ఫార్మరు నడుస్తూనే ఉంటుంది.

ప్రశ్న: సార్, వనస్థలిపురంలో రిపేరు షాపు నాది. ఒక ఆంప్లిఫయర్‌లో 5200, 1943 ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జోడీ మూడుసార్లు మార్చాను. పది నిమిషాలు బాగా పాడి, వేడెక్కి మళ్లీ షార్ట్. కస్టమరు ముందు తల ఎత్తుకోలేకపోతున్నాను.
– ఒక మెకానిక్

జవాబు: తమ్ముడూ, ఆ బాధ నాకు తెలుసు. మొదట ట్రాన్సిస్టర్లనే అనుమానించు. 5200, 1943 తోషిబా పేరుతో నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి. పోయినవాటిలో ఒకదాన్ని పగలగొట్టి లోపలి సిలికాన్ ముక్క చూడు. అసలుది 150 వాట్ల ట్రాన్సిస్టరు, ముక్క వెడల్పుగా ఉంటుంది. నకిలీలో మెంతిగింజంత ఉంటుంది. ధర మరీ తక్కువైతే తీసుకోకు, బిల్లు ఇచ్చే చోటే కొను.

నీ అసలు జబ్బు మాత్రం బయాస్ అని నా నమ్మకం. ట్రాన్సిస్టరు వేడెక్కిన కొద్దీ దాని బేస్-ఎమిటర్ వోల్టేజీ (అది తెరుచుకోవడానికి కావాల్సిన వోల్టేజీ) డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున పడిపోతుంది. ఇచ్చే బయాస్ తగ్గకపోతే కరెంటు పెరుగుతుంది, కరెంటుతో వేడి పెరుగుతుంది, వేడితో మళ్లీ కరెంటు. పది నిమిషాల్లో కథ ముగుస్తుంది. దీన్ని ఆపడానికే బయాస్‌ను నియంత్రించే చిన్న ట్రాన్సిస్టరును హీట్ సింక్‌కు బిగిస్తారు. నీ సెట్టులో అది ఎక్కడుందో చూడు. చవక సెట్లలో బోర్డు మీదే గాల్లో నిలబెట్టి వదిలేస్తారు. పాత రిపేర్లలో స్క్రూ పెట్టకుండా వదిలేసినవీ చూశాను. దాన్ని ఔట్‌పుట్ ట్రాన్సిస్టరుకు ఆనుకునేలా, కరెంటు దాటనివ్వని మైకా రేకు వేసి, రెండు పక్కలా వేడి దాటించే పేస్ట్ పల్చగా రాసి బిగించు. పేస్ట్ ముద్దగా పెడితే వేడి దాటడం తగ్గుతుంది. బయాస్‌ను సరిచేసే తిరుగుడు ప్రీసెట్ అరిగిపోయి ఉంటే దాన్నీ మార్చు, దాని కాంటాక్టు ఒక్క క్షణం వదిలినా జోడీ పోవచ్చు.

కొత్త జోడీ వేశాక నేరుగా లైన్‌కు పెట్టకు. సిరీస్ బోర్డులో 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి ఆన్ చెయ్యి. ఒకసారి వెలిగి మసకబారితే మంచిది, వెలుగుతూనే ఉంటే ఆపి షార్ట్ వెతుకు. అంతా బాగుంటే స్పీకరు లేకుండా, వాల్యూమ్ సున్నా మీద, 0.22 ఓమ్స్ ఎమిటర్ రెసిస్టరు మీద మీటరు పెట్టు. సర్వీసు మాన్యువల్లో కంపెనీ చెప్పిన అంకె దొరికితే అదే పెట్టు, దొరక్కపోతే 8, 10 మిల్లీవోల్టులతో మొదలుపెట్టు. అంటే సుమారు 36, 45 మిల్లీయాంపులు. తర్వాత అరగంట పాడించి, మూత పెట్టి మరో అరగంట పాడించి, వాల్యూమ్ సున్నాకు తెచ్చి మళ్లీ కొలువు. అంకె అక్కడక్కడే ఉంటేనో, కాస్త దిగితేనో మూత స్క్రూలు బిగించు. ఎక్కుతూ పోతుంటే సెట్టును ఇవ్వకు, బయాస్ ట్రాన్సిస్టరు ఇంకా వేడిని పట్టుకోవడం లేదు.