బుడ్డోడి పుస్తకం నువ్వూ చదువు

చిట్టితల్లీ,

బుడ్డోడు నిద్రపోయాక వాడి పుస్తకం తీసి దొంగచాటుగా చదివానని ఫోన్లో గొంతు తగ్గించి మరీ చెప్పావు. నలభై ఏళ్లొచ్చి పిల్లల పుస్తకాలేంటని మీ ఆయన నవ్వుతాడనా? నవ్వనీ. మా ఇంటికి చందమామ వస్తే ముందు మా నాన్న చేతికే వెళ్లేది. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ ఆయన చదవడం అయ్యాకే మాకు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

మొదట 'హౌల్స్ మూవింగ్ కాజిల్' పట్టు. డయానా విన్ జోన్స్ 1986లో రాసింది. టోపీల కొట్లో పనిచేసే సోఫీని ఒక మంత్రగత్తె శపించి ముసలమ్మని చేసేస్తుంది. పిల్లలైతే అయ్యో అనుకుంటారు. నేను అరవై దాటాక చదివాను, నవ్వాగలేదు. సోఫీకి కీళ్లు పట్టేస్తాయి గానీ నోరు లేస్తుంది! ముగ్గురిలో పెద్దదాన్ని, నా రాతింతే అని తలొంచుకుని టోపీలు కుట్టిన పిల్ల (మన కథల్లోనూ గెలిచేది చిన్నకొడుకే కదా) ఊరంతా హడలిపోయే మాంత్రికుడి ఇంట్లోకి అడక్కుండా దూరి, బూజులు దులిపి, అతన్నే కసురుతుంది. పొయ్యిలో కాపురముండే అగ్గిదెయ్యం ఎవరి మాటా వినదు. ఈవిడ "వంగు" అని గదమాయించి దాని నెత్తిన పెనం పెట్టేస్తుంది. మియజాకి 2004లో తీసిన సినిమా కూడా బాగుంటుంది, కానీ కథ చాలా మార్చేశాడు. ముందు పుస్తకం చదువు.

తర్వాత లోయిస్ లోరీ 'ది గివర్', 1993లో వచ్చింది. సన్నటి పుస్తకం. తెలుగు మీడియంలో చదివిన నేనే డిక్షనరీ తియ్యకుండా రెండ్రోజుల్లో ముగించాను. ఆకలీ గొడవలూ లేని ఊరు. పన్నెండేళ్లకు ఎవరి పని ఏంటో పెద్దలే చెప్పేస్తారు. ఆ ఊరి కుర్రాడు జోనాస్ ఆపిల్ ఎగరేసి పట్టుకుంటుంటే ఒక్క క్షణం అది గాల్లో మారినట్టు ఉంటుంది. ఏం మారిందో చెప్పడానికి వాడి దగ్గర మాట లేదు. ఆ మాటేంటో నేనూ చెప్పను. వాళ్ల నాన్నది పసిపిల్లల్ని సాకే ఉద్యోగం, చాలా నెమ్మదస్తుడు. ఆయన పనిచేసే చోట ఒక సన్నివేశం వస్తుంది. బుడ్డోడు 'షాకింగ్' అని పేజీ తిప్పేస్తాడు. నువ్వు మాత్రం లేచెళ్లి వాడి దుప్పటి సర్దుతావు. అందుకే పగలే చదువు.

లె గ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' (1968)కి కొంచెం ఓపిక కావాలి. గొప్పకు పోయి వేసిన మంత్రంతో ఒక నీడను తన వెంట తెచ్చుకున్న కుర్రాడి కథ. మొదట్లో నడక నెమ్మది, వదిలెయ్యకు. 'హంగర్ గేమ్స్' నవలలు ఎలాగూ ఎవరో ఒకరు చేతిలో పెడతారు. మొదటి భాగంతో చాలనిపిస్తే ఆపెయ్, సెట్టు కొన్నాం కదా అని మూడూ లాగక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చెయ్యకు. బుడ్డోణ్ణి 'ఇందులో ఏం నేర్చుకున్నావ్' అని అడక్కు. మీ అన్నయ్య చిన్నప్పుడు నేనలాగే అడిగి, పెన్సిల్‌తో కష్టమైన మాటల కింద గీతలు కూడా గీశాను. ఆ తర్వాత ఆర్నెల్లు వాడి పుస్తకాలన్నీ పరుపు కిందే దొరికాయి.

సోఫీ పుస్తకం నా దగ్గరుంది. దసరాకి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. మధ్యలో ఓ పేజీ మీద మీ బాబాయి టీ ఒలికించారు, చూసి మొహం చిట్లించకు.

ఇట్లు,
పిన్ని